గ్లూకోజు దాటు వాకిలి

పరిశోధనశాలలకు కావలసిన ద్రవ్యములను అమ్ము సంస్థల జాబితాలను తిరుగవేసినచో వానిలో ఒక చిత్రమైన సరకు కనబడును. చిటికెనవ్రేలంత సీసా, అందులో గ్రాములో లక్షవ వంతు పదార్థము. కంటికి ఆనదు. దానిని పొడిమంచు నడుమ నుంచి పంపుదురు. చేరిన తరువాత సున్నకు దిగువ 80 డిగ్రీల శైత్యములో భద్రపరచవలెను. దాని పేరు మానవ గ్లూకోజు వాహక ప్రోటీను, మొదటి రకము. పేరు ప్రక్కనే, ఇది పరిశోధనకు మాత్రమే, చికిత్సకు కాదు అను హెచ్చరిక యుండును. మానవ ప్రోటీను అన్నంతమాత్రమున దానిని ఏ మనిషి దేహమునుండియో తీసిరని తలపరాదు. మనిషి జన్యువును బాక్టీరియాలలోనో, ఈస్టులోనో, కీటకముల కణములలోనో ప్రవేశపెట్టి, వానిచేత ఆ ప్రోటీనును తయారు చేయింతురు. మాంసకృత్తులని మనము పాఠ్యగ్రంథములలో చదువుకొన్న పదార్థములకే ప్రోటీనులని పేరు.

శ్రోతలలో చాలమందికి ఇన్సులిను కథ తెలిసినదే. అదియు ప్రోటీనే, అదియు నేడు ఇట్లు సూక్ష్మజీవులచేత తయారగుచున్నదే. కాని ఇన్సులిను మందుల దుకాణములో దొరకును, రోగి ప్రాణమును నిలుపును. శరీరమునకు అంత అవసరమైన ఈ రెండవ ప్రోటీను మాత్రము సీసానుండి రోగి దేహములోనికి పోలేదు. ఎందుచేత పోలేదు, మందుగా పనికిరానిదానిని ఇంత శ్రమపడి ఎందుకు తయారు చేయుచున్నారు అను రెండు ప్రశ్నలకును సమాధానము దాని చరిత్రలోనే కలదు. ఆ చరిత్రలో మూర్ఛలతో బాధపడిన కొందరు పసిబిడ్డలకును చోటున్నది. వారి కడకు మనము చివరకు వత్తుము.

మనము తిన్న అన్నము, జొన్నరొట్టె, చిలగడదుంప మొదలైనవాని యందలి పిండిపదార్థము కడుపులో విరిగి, తుదకు గ్లూకోజు అను సామాన్యమైన చక్కెరగా మారి రక్తములో చేరును. ఇంతవరకు 19వ శతాబ్దివారికే తెలిసియుండెను. గ్లూకోజు అను పేరు 1838లో వ్యవహారములోనికి వచ్చినది. ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రజ్ఞుడు క్లోడ్ బెర్నార్ 1848లో కాలేయము తానై చక్కెరను రక్తములోనికి విడుచుచున్నదని చూపి, 1857లో ఆ చక్కెరకు నిలువ రూపమైన గ్లైకోజెనును వేరుచేసెను. అయితే రక్తములో చక్కెర యుండుట ఒక ఎత్తు, అది కణములలోనికి పోవుట మరియొక ఎత్తు. ఈ రెండవదానిని గూర్చి చాలకాలము ఎవరును గట్టిగా విచారింపలేదు. పోవుచున్నది కనుక పోవుచున్నదని ఊరకుండిరి.

ప్రతి కణమునకును చుట్టును ఒక పొర కలదు. జూరిచ్ నగరములో పనిచేసిన ఓవర్టన్ అను శాస్త్రజ్ఞుడు 1890 దశకములో వందలకొలది పదార్థములను జీవకణములపై పరీక్షించి ఒక నియమమును గుర్తించెను. నూనెలో కరుగునవి కణములోనికి సులభముగా దూరును. నీటిలో మాత్రమే కరుగునవి బయట నిలిచిపోవును. కనుక ఆ పొర కొవ్వువంటి పదార్థమై యుండవలెనని ఆయన నిర్ణయించెను. 1925లో హాలండు దేశమునందలి లైడెన్ నగరములో గోర్టర్, గ్రెండెల్ అనువారు ఎర్ర రక్తకణములనుండి కొవ్వును తీసి, నీటిపై పలుచగా పరచి, దాని వైశాల్యమును కొలిచిరి. అది ఆ కణముల ఉపరితలమునకు రెండింతలు వచ్చెను. అనగా పొరలో కొవ్వు అణువులు రెండు వరుసలుగా పేర్చబడియున్నవి. వారు కొవ్వును పూర్తిగా తీయలేదనియు, కణముల వైశాల్యమును తక్కువ కట్టిరనియు, ఈ రెండు పొరపాట్లును ఒకదానినొకటి చెరిపివేసి సరియైన సమాధానమే వచ్చినదనియు తరువాతివారు తేల్చిరి. బడిపిల్లవాని లెక్కలో ఇట్టిది జరిగినచో పంతులుగారు మార్కులీయరు. ప్రకృతి మాత్రము వారికి ఇచ్చినది.

ఇచ్చట ఒక చిక్కు వచ్చినది. గ్లూకోజు నీటిలో కరుగునది. నేతిలో వేసిన పంచదార పలుకులు కరుగక అడుగున నిలుచుట మన వంటయిండ్లలో అందరెరిగినదే. మరి కొవ్వుతో నేసిన పొరను గ్లూకోజు దాటుట యెట్లు? దాటకున్నచో మన మెదడు, మన కండరములు ఏమి తిని బ్రతుకుచున్నవి? ఓవర్టన్ నియమము ననుసరించి గ్లూకోజు బయటనే నిలువవలెను. కాని మనుష్యుని ఎర్ర రక్తకణములను వెచ్చని గ్లూకోజు ద్రావణములో కలిపినచో ఆ చక్కెర కొన్ని క్షణములలోనే లోనికి చేరుచుండెను.

ఈ కథలో ఎర్ర రక్తకణము మాటిమాటికి వచ్చుచుండుటకు కారణము కలదు. అది సులభముగా దొరకును. ఒక రక్తపు బొట్టులో కోట్లకొలది కణములుండును. దానిలో కేంద్రకము లేదు, లోపలి గదులు లేవు; పొరయు, ఆ పొరలో నింపిన రక్తవర్ణ పదార్థమును తప్ప చెప్పుకొనదగినది లేదు. పొరను గూర్చి తెలిసికొనగోరువానికి ఇంతకంటె అనుకూలమైన వస్తువు దొరకదు. పైగా దానికి గ్లూకోజు తప్ప వేరు ఇంధనము లేదు.

1948లో అమెరికా శాస్త్రజ్ఞుడు పాల్ లెఫెవర్ ఈ కణములగుండ కాంతిని ప్రసరింపజేసి చూచెను. చక్కెరతోబాటు నీరు లోనికి పోయి కణము ఉబ్బినపుడు, ఆ ద్రవముగుండ పోవు కాంతి మారును. ఆ మార్పును బట్టి చక్కెర ప్రవేశించు వేగమును ఆయన లెక్కగట్టెను. బయట చక్కెరను పెంచుచు పోగా మొదట వేగము హెచ్చినది గాని, కొంతదూరము పోయిన తరువాత ఎంత చక్కెర కలిపినను వేగము ఆ దామాషాలో పెరుగలేదు. పాదరసము కలిసిన కొన్ని పదార్థములను ఇసుమంత చేర్చినంతనే చక్కెర ప్రవేశము మందగించినది.

దీని భావము తెలియవలెనన్న గోదావరి రేవును తలచుకొనవలెను. నదిని ఈది దాటువారే యైనచో గట్టున ఇరువురున్నప్పటికంటె ఇరువదిమంది యున్నప్పుడు పదింతలమంది దాటుదురు. పడవలపై దాటువారైనచో అట్లు కాదు. ఉన్న పడవలన్నియు నిండిన తరువాత గట్టున వందమంది నిలిచినను, వేయిమంది నిలిచినను గంటకు దాటువారి సంఖ్య ఒక్కటే. చక్కెర విషయములో కనబడినది పడవల లెక్క గాని ఈతగాండ్ర లెక్క కాదు. పడవకు చిల్లుపడినచో రాకపోకలు తగ్గినట్లే, పాదరసము తగిలినంతనే ప్రవేశము తగ్గినది. కనుక పొరలో చక్కెరను దాటించునదేదో కలదు. దానిని ఎవరును చూడలేదు. దాని రంగు, రూపు, బరువు ఎవరికిని తెలియదు. అయినను ఉండి తీరవలెను.

1952లో ఇంగ్లండుకు చెందిన విడ్డాస్ ఈ ఊహకు గణితరూపము నిచ్చెను. ఆయన చేపట్టిన సమస్య గర్భమునకు సంబంధించినది. గొర్రె గర్భములోని పిల్లకు తల్లి రక్తమునుండి మాయగుండ చక్కెర ఎట్లు చేరుచున్నది? కేవలము వ్యాపనము, అనగా అగరువత్తి పొగ గదియంతట అలముకొనునట్టి చెదరుట, ఆ అంకెలను వివరింపజాలదని ఆయన చూపి, వాహకముండినచో ఎట్టి అంకెలు రావలెనో సమీకరణమును వ్రాసెను. పెరిగిన గొర్రె ఎర్ర రక్తకణములలోనికి చక్కెర అతి నెమ్మదిగా పోవుననియు, గర్భస్థ శిశువు కణములలోనికి త్వరగా పోవుననియు కూడ తెలియవచ్చినది. కొవ్వు పొర రెండింటికిని ఉన్నదే, తేడా వాహకములోనే.

మరియొక సాక్ష్యము మా దృష్టిలో అన్నిటికంటె సొగసైనది. గ్లూకోజునకు అద్దములోని నీడవంటి ప్రతిరూపము ఒకటి కలదు. రెండింటిలోను అవే పరమాణువులు, అదే బరువు, నీటిలో కరుగుట కూడ ఒక్కటే. కుడికాలి చెప్పునకు ఎడమకాలి చెప్పునకు ఉన్నంత భేదము మాత్రమే. కుడిది కణములోనికి ఇట్టే పోవును. ఎడమది దాదాపుగా పోనేపోదు. పొరలో ఉన్నది రంధ్రమే యైనచో ఈ రెండింటికిని తేడా తెలియదు. ఆకారము నెరిగి పట్టుకొనునట్టిది ఏదో అక్కడ నున్నది. జీవపదార్థములలో ఇట్టి నేర్పు ముఖ్యముగా ప్రోటీనులకు చెల్లును.

ఈ విచారణ ఒకవంక సాగుచుండగనే మధుమేహ చికిత్సవైపునుండి మరియొక దారి వచ్చి దీనిలో కలిసెను. 1921లో కెనడాలోని టొరాంటో నగరమున బాంటింగ్, బెస్ట్, మాక్లియోడ్, కొల్లిప్ అనువారి కృషివలన ఇన్సులిను లభించినదనియు, 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అను 14 ఏండ్ల బాలునకు దానిని మొదట ఇచ్చిరనియు పలువురెరుగుదురు. ఇన్సులిను ఇచ్చినచో రక్తములోని చక్కెర తగ్గును. ఎట్లు తగ్గును? కణము లోపలి కొలిమిని ఎగదోయుటవలన తగ్గుచున్నదని చాలమంది నమ్మిరి. 1949లో చికాగోలో రాక్మియెల్ లెవిన్, ఆయన సహచరులు ఉదరావయవములను తొలగించిన కుక్కలపై ఒక పరీక్ష చేసిరి. వారు గ్లూకోజునకు బదులు గాలక్టోజును, అనగా పాలలోని చక్కెరనుండి వచ్చుదానిని ఎక్కించిరి. కండరములు దీనిని ఇంధనముగా వాడుకొనలేవు. అనగా కొలిమి లేదు. అయినను ఇన్సులిను ఇచ్చినంతనే అది రక్తమును వదలి కండరములలోనికి పోయినది. కనుక ఇన్సులిను చేయునది నిప్పు రాజేయుట కాదు, తలుపు తీయుట. ఈ మాటను వెంటనే ఒప్పుకొనినవారు తక్కువ.

లోనికి పోయిన గ్లూకోజు మరల బయటకు రాకుండుటకు కణము దానికి ఒక భాస్వరపు ముద్ర వేయును. ఆ ముద్రకు కావలసిన భాస్వరము ఎ.టి.పి. అను పదార్థమునుండి వచ్చును. కాలిన గ్లూకోజునుండి వెలువడు శక్తిలో అధికభాగము మరల ఎ.టి.పి. రూపముననే నిలువ చేరును. ఇచ్చట తెలుగువారు ఒక పేరును తలవక తప్పదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునందు ఫిస్కెతో కలిసి పనిచేయుచు 1929లో ఈ పదార్థమును కండరములనుండి వేరుచేసిరి. అదే కాలమున జర్మనీలో లోమాన్ కూడ స్వతంత్రముగా దీనిని కనుగొనెను.

1966లో యార్డెట్‌స్కీ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి వాహకములు పనిచేయు తీరును గూర్చి చేసిన సూచనతో పడవ ఉపమానమును మార్చవలసివచ్చినది. వాహకము ఈ గట్టునుండి ఆ గట్టునకు ప్రయాణము చేయదు. ఉన్నచోటనే యుండి, ఒకసారి బయటకు, ఒకసారి లోనికి నోరు తెరచును. మన గోదావరి కాలువలపై లాకులను చూచినవారికి ఇది చప్పున బోధపడును. పై తలుపు తెరచినపుడు క్రింది తలుపు మూసియుండును. పడవ నడిమి తొట్టిలోనికి వచ్చిన తరువాత పై తలుపు మూసి క్రిందిది తెరతురు. రెండు తలుపులును ఏకకాలమున తెరువబడవు. అయితే లాకులను నడుపుటకు మనుష్యులు కావలెను. ఇచ్చట ఎవరును అక్కరలేదు. ఎక్కువ చక్కెర యున్న దిక్కునుండి తక్కువ యున్న దిక్కునకు అది తానే దాటును.

ప్రసంగవశమున దీని దాయాదిని గూర్చి ఒక మాట చెప్పవలెను. ప్రేవులలో గ్లూకోజును పీల్చు వాహకము వేరు. అది ఉప్పులోని సోడియము తోడులేనిదే చక్కెరను దాటింపదని రాబర్ట్ క్రేన్ 1960లో ప్రాగ్ నగరమున వెల్లడించెను. ఉప్పు, చక్కెర కలిసి లోనికి పోవునపుడు నీరు వానిని వెంబడించును. ఈ సూక్ష్మముపై నిలిచినదే కలరా రోగులకు త్రాగించు ఉప్పు చక్కెర నీరు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున పశ్చిమ బెంగాలులోని బొంగావ్ శరణార్థి శిబిరములో సెలైను సీసాలు చాలక పోగా, డాక్టరు దిలీప్ మహలనబీస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల తినుసోడా కలిపి డ్రమ్ములలో నుంచి, రోగుల బంధువులచేతనే త్రాగింపజేసెను. వందకు 30 వరకు ఉన్న మరణములు 4కు లోపల దిగినవి. ఆ పాళ్లను సరిహద్దులోని జనులకు తెలుపుటకు రహస్య రేడియో ప్రసారములు కూడ తోడ్పడినవి. రేడియో వృత్తిలోనివారము కనుక ఈ సంగతిని వదలలేకపోతిమి. నేటి పొట్లములలో పాళ్లు కొంత మారినవి. పొట్లముపై వ్రాసినట్లే కలుపుకొనవలెను.

మన వాహకమునకు వత్తము. ఉన్నదని రమారమి 30 ఏండ్లు అందరు చెప్పుచుండిరే గాని, ఇదిగో అని చూపినవారు లేరు. 1977లో అమెరికాలోని కోర్నెల్ విశ్వవిద్యాలయములో కసహారా, హింకిల్ అను ఇరువురు ఆ పని చేసిరి. వారు ఎర్ర రక్తకణముల పొరలను తీసి, సబ్బువంటి ద్రవ్యముతో కరిగించి, అందలి ప్రోటీనులను వడకట్టి వేరుచేసిరి. ప్రోటీనును వేరుచేయుట కష్టమే గాని, అది వాహకమే యని రుజువు చేయుట అంతకంటె కష్టము. వాకిలి ఊడదీసి నేలపై పడవేసిన తరువాత అది వాకిలియో, బల్లయో ఎట్లు తెలియును? అందుచేత వారు కృత్రిమముగా కొవ్వు బుడగలను చేసి, ఆ ప్రోటీనును వాని గోడలలో మరల నిలిపిరి. గడ్డకట్టించి, కరగించి, శబ్దతరంగములతో కుదిపిన మీదట ప్రోటీను పొరలో అమరినది. అప్పుడు కుడి గ్లూకోజు ఆ బుడగలలోనికి వడిగా పోయినది, ఎడమది పోలేదు. పాదరసము కలిపినచో ఆగిపోయినది. లెఫెవర్ కణములో చూచిన లక్షణము ప్రాణములేని కొవ్వు బుడగలో కనబడినది.

1980లో మరియొక ముడి విడినది. ఇన్సులిను తలుపు తీయునన్న లెవిన్ మాటకు అర్థమేమి? అమెరికాలో కుష్మన్ బృందమును, వేరుగా సుజుకి, కోనో అనువారును ఎలుకల కొవ్వు కణములలో ఒకే సమాధానమును కనుగొనిరి. అక్కడి వాహకములు మామూలు వేళ కణము లోపలి చిన్న సంచులలో దాగియుండును. ఇన్సులిను కబురు అందినంతనే ఆ సంచులు పైకి వచ్చి పొరలో కలియును. అనగా మూసియున్న తలుపును తీయుట కాదు. కొట్టులోని తలుపులను తెచ్చి గోడకు అమర్చుట. కండరములలో వ్యాయామము కూడ, ఇన్సులిను సహాయము లేకయే, ఈ తలుపులను పైకి తెచ్చునని తరువాత తెలిసెను. మధుమేహ రోగులను నడువుడని వైద్యులు చెప్పుటకు గల కారణములలో ఇదియు ఒకటి.

1985లో మైక్ మ్యూక్లర్, హార్వీ లోడిష్ మొదలగువారు ఈ ప్రోటీను జన్యులిపిని చదివిరి. రక్తకణములనుండి శుద్ధి చేసిన ప్రోటీనును గుర్తుపట్టగల ప్రతిద్రవ్యమును గాలముగా వేసి, కాలేయపు గడ్డనుండి పెంచిన మానవ కణముల జన్యుభాండారములో దానిని వెదకి పట్టిరి. 492 ఎమైనో ఆమ్లముల దండ అది. కొవ్వు పొరను 12 మారులు అటునిటు కుట్టినట్లు దాటును. తరువాతి కొలదికాలమున దాని తోబుట్టువులు వరుసగా బయటపడి, నేటికి మొత్తము 14 అయినవి. మొదటిది ఎర్ర రక్తకణములలోను, మెదడు రక్తనాళములలోను ముఖ్యము. రెండవది కాలేయమునకు, మూడవది నాడీకణములకు, ఇన్సులిను మాట వినునది నాల్గవది.

జన్యులిపి చేతికి వచ్చిన ఆరు సంవత్సరములకు, 1991లో, న్యూయార్కులో డాక్టరు డారిల్ డి వీవో, ఆయన సహచరులు ఇద్దరు బిడ్డలను గూర్చి ప్రకటించిరి. పుట్టిన కొలదినెలలకే వారికి మూర్ఛలు వచ్చుచుండెను. మూర్ఛ మందులకు లొంగలేదు, ఎదుగుదల వెనుకబడినది. రక్తములో చక్కెర సరిగనే యున్నది. కాని వెన్నునీటిని తీసి చూడగా అందులో చక్కెర చాల తక్కువ. సాధారణముగా రక్తములోనిదానిలో దాదాపు మూడింట రెండు వంతులు వెన్నునీటిలో ఉండవలెను. అక్కడ సూక్ష్మక్రిములు లేవు, వాపు లేదు. రక్తమునిండ అన్నమున్నను మెదడు పస్తున్నది. మెదడు రక్తనాళముల గోడలో తలుపులు తక్కువై యుండవలెనని ఆయన అనుమానించెను. దీనిని రుజువు చేయుటకు బ్రతికియున్న బిడ్డ మెదడును తెరచి చూడలేము గదా! ఇచ్చట మన పాత స్నేహితుడు అక్కరకు వచ్చెను. మెదడు నాళములలోను, ఎర్ర రక్తకణములోను ఉన్నది ఒకే వాహకము. ఆ బిడ్డల రక్తకణములను పరీక్షింపగా వానిలోనికి కూడ గ్లూకోజు మందముగానే పోవుచుండెను. గొర్రె కణములను, మనుష్యుల కణములను పరీక్షించుచు లెఫెవర్, విడ్డాస్ మొదలగువారు నేర్పిన విద్య నలువది ఏండ్లకు ఒక తల్లికి సమాధానమైనది. 1998లో ఇట్టి బిడ్డల జన్యువులలోనే లోపమును చూపగలిగిరి. రెండు ప్రతులలో ఒకటి చెడినను చాలును. ఆ లోపము చాలసార్లు తల్లిదండ్రులనుండి వచ్చినది కాక బిడ్డలో కొత్తగా ఏర్పడినదే యగును. కనుక ఇంటిలో ఎవరిని నిందించుటకును తావు లేదు.

మరి మధుమేహ రోగికి ఇన్సులిను ఇచ్చినట్లు వీరికి ఈ ప్రోటీనును ఇవ్వరాదా? 1973లో కోహెన్, బోయర్ అనువారు ఒక జీవి జన్యుఖండమును బాక్టీరియాలో చొప్పించి పెంచుట నేర్పిరి. 1978లో బాక్టీరియాలచేత మానవ ఇన్సులినును చేయించిరి. 1982లో అది మందుగా ఆమోదము పొందినది. అదే విద్యతో వాహకమును చేయించుట సాధ్యమే. కాని ఇన్సులిను రక్తములో తిరుగుటకు పుట్టినది. కణము బయటనుండి కబురు చెప్పి దాని పని ముగించుకొనును. వాహకము పొరలో పుట్టి, పొరలో ముడుచుకొని, పొరలోనే పనిచేయవలసినది. నీటిలో వేసినచో ఉండకట్టి చెడును. రక్తములోనికి ఎక్కించినచో అది మెదడు నాళములను వెదకికొని, వాని పొరలో 12 కుట్లు వేసికొని నిలువజాలదు. తలుపును తెచ్చి వీధిలో దింపినంత మాత్రమున గోడకు వాకిలి యేర్పడదు.

తయారుచేయుట కూడ ఇన్సులినంత తేలిక కాదు. బాక్టీరియాలు దానిని తప్పుగా ముడుచును. లేదా దాని భారమునకు అవియే చచ్చును. అందుచేత సరియైన రూపము కావలసినవారు తరచుగ కీటకముల కణములనో, క్షీరదముల కణములనో ఆశ్రయింతురు. తేలికగా ఏరి పట్టుటకు ప్రోటీను చివర ఒక చిన్న తోకను చేర్తురు. 2014లో చైనాలోని చింగ్హువా విశ్వవిద్యాలయమున నియెంగ్ యాన్ బృందము కీటకకణములలో చేయించిన ఈ మానవ వాహకమును స్ఫటికముగా మార్చి, ఎక్స్ కిరణములతో దాని రూపమును చిత్రించెను. స్థిరముగా నిలువని దానిని నిలుపుటకు రెండుచోట్ల ఒక్కొక్క ఎమైనో ఆమ్లమును మార్చవలసివచ్చినది. ఒక వింత యేమనగా, ప్రోటీనును కరిగియుంచుటకు వాడిన సబ్బువంటి ద్రవ్యమునకు ఒక చివర గ్లూకోజు కలదు. అది పోయి సరిగా గ్లూకోజు కూర్చుండవలసిన తావుననే కూర్చుండి చిత్రములోనికి ఎక్కినది. వాహకము లోనికి నోరు తెరచి యున్నది. 1966 నాటి ఊహకు తగినట్లే బయటివైపు మూసియున్నది.

జాబితాలోని ఆ సీసాకు ఇక ఉపయోగమేమని అడుగుదురేమో. కణజాలములో వాహకము ఎంత యున్నదో కొలుచుటకు అది తూకపు రాయివంటిది; ప్రతిద్రవ్యములు దీనినే పట్టుచున్నవో, వేరొకదానిని పట్టుచున్నవో తెలిసికొనుటకు గీటురాయి. సరిగా ముడుచుకొన్న రకమును కొవ్వు బుడగలలో నిలిపి, ఏ మందు వాకిలిని మూయునో చూతురు. పలు రకముల పుట్టకురుపులు గ్లూకోజును అధికముగా మ్రింగునని వార్బుర్గ్ 1920 దశకముననే గుర్తించెను. అట్టి గడ్డలలో ఈ మొదటి వాహకము తరచు హెచ్చుగా నుండును. కాన్సరును వెదకుటకు నేడు చేయు పెట్ చిత్రణములో కిరణప్రసారము గల గ్లూకోజు వంటి పదార్థము కణములో చేరునది ఈ వాకిళ్లగుండనే. ఆ పదార్థమును మనిషికి మొదట ఇచ్చినది 1976లో ఫిలడెల్ఫియాలో.

బిడ్డల చికిత్స మాత్రము వాకిలిని బాగుచేయుటవలన కాక, చుట్టుతిరిగి పోవుటవలన సాధ్యమైనది. పస్తున్నపుడు దేహము కొవ్వునుండి కీటోనులను పుట్టించును. వానికి మెదడులోనికి వేరు వాకిలి కలదు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్కునందు డాక్టరు వైల్డర్ మూర్ఛరోగులకు ఉపవాసమునకు బదులుగా కొవ్వుతో నిండిన ఆహారమును సూచించెను. ఇన్సులిను దొరికిన సంవత్సరమే అది. మందులు వచ్చిన తరువాత దాదాపు మరుగునపడిన ఆ ఆహారమే డి వీవో చూచిన బిడ్డల మూర్ఛలను అదుపులోనికి తెచ్చినది. ఇందులో అన్నము నామమాత్రము. నెయ్యి, వెన్న, నూనెలే ప్రధానము. వైద్యుడు, ఆహారనిపుణుడు కొలిచి చెప్పినట్లు తప్ప ఇంటిలో సొంతముగా ప్రయత్నింపరాదు. మూర్ఛలకు కారణములు అనేకము. వానిలో ఇది అరుదైనది. అయితే ఆకలివేళ హెచ్చి, భోజనానంతరము తగ్గు మూర్ఛలు పసితనముననే మొదలై మందులకు లొంగనపుడు దీనిని గూర్చి వైద్యునడుగుట మంచిది. ఎంత ముందుగా గుర్తించి ఆహారము మార్చినచో మెదడునకు అంత మేలు.

వాకిలినే బాగుచేయు ప్రయత్నములును లేకపోలేదు. ఇదే లోపము గల ఎలుకపిల్లలకు నిరపాయకరమైన వైరసు ద్వారా మంచి జన్యువును పుట్టిన తొలిదినములలోనే చేర్చగా మెదడు రక్తనాళములు పెరిగి, మూర్ఛ లక్షణములు తగ్గినవని 2017లో న్యూయార్కునుండి ప్రకటించిరి. రోగనిర్ణయము కూడ సులభమగుచున్నది. ఫ్రాన్సులో రూపొందిన ఒక పరీక్షలో ఎర్ర రక్తకణముల ఉపరితలమున ఈ వాహకములు ఎన్ని యున్నవో, దానికి మాత్రమే అంటుకొను ఒక వైరసు ప్రోటీను ఖండముతో లెక్కింతురు. అందరిలో కాకున్నను పలువురు బిడ్డలలో ఇది లోపమును పట్టియిచ్చుచున్నది. వెన్నులో సూది గ్రుచ్చనక్కరలేదు; చేతినుండి తీసిన కొద్దిపాటి రక్తము చాలును.